రెండువందల పన్నెండో గది

షయాన్‌లో రైలుకట్ట పక్కవీధిలో మా ఆఫీసు.
కింద పళ్ల డాక్టరు, పైన నేను.
తలుపు మీద పేర్లు రాయించలేదు. రాయిస్తే
తలుపు చాలదు:
ఆరువేల నాలుగువందల కంపెనీలు ఈ ఒక్క గదిలో కాపురం.
కుర్చీలు రెండు.
రెండోదాని మీద నా కోటు.

ఉత్తరాలొస్తాయి. కవరు చించుతాను, అద్దం మీద బోర్లిస్తాను,
ఎవరివి వాళ్లకి, ఏ సముద్రం అవతలికో, పంపేస్తాను.
పదకొండేళ్లు.
ఎవరూ నన్నేమీ అడగరు. నేనూ ఎవర్నీ అడగను.

మార్చిలో కొత్తగా చేరిన కాపురం పేరు
ఫోర్ షీప్ ఎల్ఎల్‌సీ.
యజమాని నర్మందాఖ్, ఉలాన్‌బాతర్.
ఉన్నిని సబ్బునీళ్లలో తొక్కి, చుట్టి, మళ్లీ తొక్కి
ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు చేస్తుందట.
ఇంటిపేరు అన్న గడిలో తండ్రి పేరు రాసింది.
గుడారానికి వేరే పేరెందుకు అనుకుందో ఏమో.

పన్ను నంబరు కోసం ఫారం నింపేటప్పుడు
సోషల్ నంబరు గీత మీద
"విదేశీ" అని రాసి ఫ్యాక్స్ చెయ్యమన్నాను.
ఫ్యాక్స్ మెషీన్ ఎక్కడ దొరుకుతుందని
వాళ్ల ఊళ్లో మూడురోజులు వెతికింది.
ఏడు వారాలకి నంబరొచ్చింది. తొమ్మిదంకెలు.
దాన్ని ఫోటో తీసి పొయ్యి పైన అతికించిందట.

తర్వాత బ్యాంకు.
చెప్పులరిగేలా తిరిగానని చెప్పుకోడానికి కూడా లేదు పాపం,
అన్నీ తెర మీదే.
మొదటి బ్యాంకు: ఈ చిరునామాలో ఇంకా వేలమంది ఉన్నారు,
మీరు నిజంగా ఉండే చోటు చెప్పండి.
చెప్పింది:
కొండవాలు, నీళ్లబండి ఆగే చోట ఎడమకి తిరిగి
ఆకుపచ్చ చెక్కకంచె, లోపల రెండో గుడారం.
మ్యాపులో అక్కడ ఏమీ లేదు.
కరెంటు బిల్లు మరిది పేరు మీద.
రెండో బ్యాంకు కారణం చెప్పలేదు.
మూడోది, పాస్‌పోర్టులో ముందున్న పేరు
ఫారంలో వెనకుందంది.

ఆ రాత్రి నాకొక ఉత్తరం రాసింది. యంత్రం అనువదించిన ఇంగ్లీషు,
తొట్రుపడుతూ, చాలా మర్యాదగా:

"గౌరవనీయ వెర్లా,
నేను ఉండే చోటు ఉన్నట్టు ఎవరూ నమ్మడం లేదు.
నా కంపెనీ ఉండే చోటు నేను చూడలేదు.
ఆ గది వెచ్చగా ఉంటుందా?
కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?"

కిటికీ.
ఉందని మర్చేపోయాను. బీరువా అడ్డం.
భోజనం మానేసి భుజం పెట్టి నెట్టాను.
చచ్చిన ఈగలు. ధూళి. దాని వెనక
బొగ్గు వ్యాగన్లు, ఎంతకీ తరగని బొగ్గు వ్యాగన్లు,
ఆపైన గడ్డి, ఆపైన ఇంకా గడ్డి, మంచు మిగిలిన చోట తెలుపు.
చూసింది చూసినట్టు రాశాను.
మా తాత కాస్పర్ అవతల గొర్రెలు కాశాడని కూడా రాశాను,
ఎందుకో.
"మాకూ అదే కనిపిస్తుంది" అని జవాబొచ్చింది,
"వ్యాగన్లతో సహా."

నాలుగో బ్యాంకు వీడియోలో రమ్మంది.
ఫోన్ పట్టుకుని కంచె, కుక్క, పొయ్యి, పొగగొట్టం,
ఆరేసిన డెబ్భై జతలు
ఒక్కొక్కటే చూపించింది. అవతలి కుర్రాడు
పిల్లల సైజులున్నాయా అని అడిగాడట.
కార్డు మాత్రం నా దగ్గరికే పంపారు; అమెరికా దాటించరు.
పల్చటి ప్లాస్టిక్ ముక్క. దాని మీద ఆవిడ పేరు,
ముందుది ముందే, వెనకది వెనకే.
రిజిస్టర్డ్ పోస్టులో నా డబ్బుతో పంపాను. రూలు ఒప్పుకోదు.
రాసిపెట్టలేదు.

నవంబరులో ఒక పార్శిల్.
ఫోర్ షీప్ ఎల్ఎల్‌సీ, గది రెండువందల పన్నెండు.
వచ్చినదేదైనా స్కాన్ చెయ్యాలి కదా,
బూడిదరంగు చెప్పులు రెండూ అద్దం మీద బోర్లించి
మూత మూయబోతే మూత పడలేదు.
వెలుతురు అంచుల చుట్టూ పొర్లిపోయింది.

ఒక సైజు పెద్దవి. మేజోళ్లతో సరిపోతున్నాయి.
రేపెవరైనా తనిఖీకి వచ్చి
ఫోర్ షీప్ అనే కంపెనీ నిజంగా ఇక్కడుంటుందా అంటే
బల్ల కింద నుంచి
కాళ్లు చాపి చూపిస్తాను.